నాన్న తొంభై ఏళ్లు ఒక చిన్న పుస్తకంలో: సంవత్సరీకం లోపు ఇంటిల్లిపాదీ కలిసి చేసుకునే పని

మా నాన్న పెద్దకర్మ రోజున పురోహితుడు అన్నయ్యను మూడు తరాల పేర్లు అడిగారు. తండ్రి, తాత, ముత్తాత. అన్నయ్య తడుముకోకుండా చెప్పాడు. ఆ సాయంత్రం మేనత్త పక్కన కూర్చుని, "అత్తా, మీ తాత ఏం పని చేసేవాడు?" అని అడిగాను. "ఏమో అమ్మాయ్, వ్యవసాయమే అయ్యుంటుంది" అంది. ఆమెకు ఎనభై నాలుగేళ్లు. సొంత తాత గురించి ఆమెకు మిగిలింది పేరు, గోత్రం. నాన్నకు కూడా ఇదే జరుగుతుందని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నాన్న తొంభయ్యో ఏట పోయారు. కృష్ణా తూర్పు డెల్టాలో బందరు కాలువ మీద లాకుల దగ్గర లస్కరుగా, అంటే తలుపులు ఎత్తి దించి నీళ్లు వదిలే పనివాడిగా, పనిచేశారు. మేం ముగ్గురు పిల్లలం, ఏడుగురు మనవలు. ఆ ఏడుగురికీ తెలిసింది వాకర్ పట్టుకుని నెమ్మదిగా నడిచే తాతయ్య ఒక్కరే. నిండు నూరేళ్లకు దగ్గరగా బతికినవాళ్ల విషయంలో చిక్కు ఇదే. చివరి మూడేళ్ల మంచం, మందులు, హాస్పిటల్ తిరుగుళ్లు అంతకుముందు గడిచిన ఎనభై ఏడేళ్లకు అడ్డం నిలబడతాయి. పడుచు వయసులో ఆయన్ని చూసినవాళ్లు ఇద్దరో ముగ్గురో మిగిలి ఉంటారు, వాళ్లూ పెద్దవాళ్లే.

అందుకే ఏడాది గడువు పెట్టుకున్నాం. సంవత్సరీకం నాటికి 96 పేజీల పుస్తకం చేతికొచ్చింది. ఏ క్రమంలో చేశామో, ఎక్కడ పొరపాటు పడ్డామో మీకు పనికొస్తుందని రాస్తున్నాను. మీ నాన్నగారు ఇంకా ఉన్నారా? అయితే మొదటి మెట్టు వదిలేసి నాలుగో మెట్టు ఇవాళే మొదలుపెట్టండి. ఎదురుగా ఆయనే ఉన్నారు, ఆయన్నే అడగండి.

1. మొదటి పదిహేను రోజులు: ఏదీ బయటికి పోనివ్వకండి

మనిషి పోయిన ఇంట్లో సర్దుళ్లు చాలా తొందరగా జరిగిపోతాయి. వచ్చిన చుట్టాలు సాయం చేయాలనే గది ఖాళీ చేస్తారు. మా ఇంట్లో అలా పాత పేపర్లతో పాటు నాన్న కాలెండర్లు తూకానికి వెళ్లిపోయాయి. నాన్న 1996లో రిటైరయ్యారు. ఆ తర్వాత కూడా రోజూ పొద్దున కాలువ గట్టు దాకా నడిచి వెళ్లి, గేజి మీద నీటిమట్టం చూసి వచ్చి, కాలెండర్‌లో ఆ తేదీ గడిలో అంకె వేసేవారు. ఇరవై ఏళ్లకు పైగా వేశారు. మాకు మిగిలింది తలుపు వెనక మేకుకు వేలాడుతున్న రెండు కాలెండర్లు. ఇప్పటికీ నా మనసు మానని విషయం అది.

కాబట్టి మొదటి రోజే ఇంట్లో ఒకరు ఈ బాధ్యత తీసుకోండి. ఒక పెద్ద అట్టపెట్టె మీద "నాన్న" అని రాసి పెట్టండి. కళ్లజోడు, డైరీలు, ట్రంకుపెట్టెలో కాగితాలు, పాత పంచాంగాలు, పర్సు, ఉత్తరాలు అన్నీ అందులోకి. ఏది అవసరమో ఇప్పుడు తేల్చక్కర్లేదు. ఆచారం ప్రకారం ఇవ్వాల్సిన బట్టలు, మంచం తప్పకుండా ఇవ్వండి. ఇచ్చే ముందు ఒక్కోదాన్ని ఫోటో తీయండి, చొక్కా జేబులు చూడండి. మా నాన్న జేబులో మడతపెట్టిన బస్ టికెట్ వెనక మనవల ఫోన్ నంబర్లు ఉన్నాయి.

ఇక ఫోన్. దీన్ని చాలామంది పట్టించుకోరు. నంబరు మూడు నెలలు వాడకుండా ఉంటే రద్దు కావచ్చు, అదే నంబరు తర్వాత వేరేవాళ్లకు వెళుతుంది. వాట్సాప్ ఖాతా కూడా 120 రోజులు వాడకపోతే సాధారణంగా తీసేస్తారు. అందుకని ఏడాది పాటు ఏదో ఒక చిన్న రీచార్జి వేయిస్తూ, అప్పుడప్పుడూ ఆ సిమ్‌తో ఒక ఫోన్ చేస్తూ ఉండండి. వాట్సాప్‌లో ఒక్కో చాట్ తెరిచి, ఫోటోలు, వాయిస్ మెసేజ్‌లతో సహా ఎక్స్‌పోర్ట్ చేసి కంప్యూటర్‌లో దాచండి. "ఏరా, తిన్నావా" అని మనవడికి పెట్టిన నాలుగు సెకన్ల మెసేజ్ రేపు మీ ఇంట్లో బంగారం కంటే ఎక్కువ.

పెద్దకర్మ రోజున, లేదా మీ ఇంటి పద్ధతి ప్రకారం నలభయ్యో రోజునో జ్ఞాపకార్థ కూడిక రోజునో, ఆయన్ని ఎరిగినవాళ్లంతా ఒకేచోట ఉంటారు. మళ్లీ అంతమంది కలవరు. గుమ్మం దగ్గర రెండొందల పేజీల నోట్‌బుక్ పెట్టి, పై పేజీలో ఒక్క ప్రశ్న రాయండి: "మా నాన్నను మీరు మొట్టమొదట ఎక్కడ చూశారు?" పక్కన పేరు, ఫోన్ నంబరు. "నాలుగు మాటలు రాయండి" అంటే అందరూ "మహానుభావుడు" అని రాసి వెళ్లిపోతారు. ఎక్కడ చూశారు అంటే మాత్రం ఊరు, చెట్టు, బండి, సంత గుర్తుకొస్తాయి. రాయడం రానివాళ్ల దగ్గర పిల్లల్ని కూర్చోబెట్టండి. మా నోట్‌బుక్‌లో నలభై ఒక్కమంది రాశారు. పుస్తకానికి పునాది అదే అయింది.

2. ఏళ్ల పట్టిక వేయండి

కథ రాయడం తర్వాత. ముందు ఒక పొడుగాటి కాగితం మీద ఏడాదికో గీత. పుట్టిన ఏడు నుంచి పోయిన ఏడు దాకా. మాకు తొంభై గీతలు వచ్చాయి, మొదట్లో నింపగలిగింది పదకొండు. ఖాళీలు కళ్లకు కనబడితేనే ఎవర్ని ఏం అడగాలో తెలుస్తుంది.

పుట్టినతేదీ దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఆ తరం వాళ్లకు బడిలో అయ్యవారు వేసిన తేదీ ఒకటి, అసలుది ఒకటి. నాన్న రికార్డు షీటులో 1936 జూలై 1 అని ఉంది. మేనత్త మాత్రం "అన్నయ్య భావ నామ సంవత్సరం కార్తీకంలో పుట్టాడు, మా అమ్మ ఎప్పుడూ చెప్పేది" అంది. తెలుగు సంవత్సరాలు అరవై. ప్రభవ 1927 ఉగాదితో మొదలైంది, మళ్లీ 1987లో వచ్చింది. ప్రభవ నుంచి లెక్కపెడితే భావ ఎనిమిదోది, అంటే 1934 ఉగాది నుంచి 1935 ఉగాది దాకా. కార్తీకం కాబట్టి 1934 చివర. బడి తేదీ కన్నా దాదాపు ఇరవై నెలలు పెద్ద. పుస్తకంలో రెండూ వేశాం, ఏది ఎవరు చెప్పారో కూడా రాశాం.

పెద్దవాళ్లు ఏళ్లు చెప్పరు, సంఘటనలు చెబుతారు. వాటిని ఏళ్లలోకి మార్చుకోవడం మన పని. మా వైపు బాగా పనికొచ్చేవి పుష్కరాలు. "కృష్ణా పుష్కరాలకు నువ్వు కడుపులో ఉన్నావు" అంటే 1968 కావచ్చు, 1980 కావచ్చు, 1992 కావచ్చు, మనిషి వయసును బట్టి తేలిపోతుంది. గోదావరి వైపు వాళ్లకు 1979, 1991, 2003, 2015. "పెద్ద ఉప్పెన" అంటే 1977 నవంబరు 19. గోదావరి జిల్లాల్లో "పెద్ద వరద" అంటే వయసును బట్టి 1953 లేదా 1986. "కొత్త పైసలు వచ్చిన ఏడు" 1957. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1, ఆంధ్రప్రదేశ్ 1956 నవంబరు 1, సాగర్ కాలువలకు నీళ్లు వదిలింది 1967, జై ఆంధ్ర గొడవలు 1972-73. తెలంగాణ పెద్దలకు పోలీస్ యాక్షన్, అంటే 1948 సెప్టెంబరు, చెరగని గుర్తు. "పోలీస్ యాక్షన్‌కు ముందా, తర్వాతా?" అని అడిగితే ఠక్కున చెబుతారు. ఆ తర్వాత 1969 ఉద్యమం. నైజాం కాలం కాగితాల్లో ఫసలీ సంవత్సరం ఉంటుంది, దానికి 590 కలపండి. ఫసలీ 1358 అంటే ఇంచుమించు 1948-49.

పాత కొలతలను చెప్పినవి చెప్పినట్టే రాసుకోండి. "మూడు వీశెల వంకాయలు అర్ధణా" అని మేనత్త అంటే అలాగే రాసి, వీశె అంటే సుమారు కిలో నాలుగొందల గ్రాములని, రూపాయికి పదహారు అణాలని కింద చిన్న అక్షరాల్లో చెప్పాం. కిలోల్లోకి మార్చేస్తే ఆ మాటలో మేనత్త ఉండదు.

3. కాగితాలు చదవడం

పట్టికలో ఖాళీలను నమ్మకంగా నింపేవి కాగితాలే. ఉద్యోగం చేసినవాళ్లైతే సర్వీసు రిజిస్టరు, పెన్షన్ పుస్తకం. నాన్నది మొదట వర్క్‌చార్జి (తాత్కాలిక) ఉద్యోగం, తర్వాత పర్మినెంటు. బదిలీలు, సెలవులు అన్నీ తేదీలతో దొరికాయి. ఒకచోట నలభై రోజుల సెలవు కనబడింది. ఎందుకో ఎవరికీ తెలియదు. అమ్మను అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. నాకంటే ముందు పుట్టి, ఏడాది నిండకుండా పోయిన అక్క గురించి ఆ రోజు మొదటిసారి చెప్పింది. పుస్తకంలో వేయనా అని అడిగాను. "వెయ్యి. దాని పేరు కూడా వెయ్యి" అంది.

రైతు కుటుంబాలకు భూమి కాగితాలే జీవితచరిత్ర. ఆంధ్రలో అడంగల్, పాత దస్తావేజులు. తెలంగాణలో పహాణీలు, 1954-55 ఖాస్రా పహాణీ. ఏ ఏడాది పొలం కొన్నారు, ఏ ఏడాది తాకట్టు పెట్టారు అన్నది ఆడపిల్లల పెళ్లిళ్ల పక్కన పెట్టి చూడండి, చాలా సంగతులు వాటంతటవే తెలుస్తాయి.

అందరూ మర్చిపోయేది చదివింపుల పుస్తకం. పెళ్లిలో ఎవరెంత చదివించారో రాసిన ఆ నోటుబుక్కులో ఊరి పేర్లు, వరసలు, స్నేహాలు అన్నీ ఉంటాయి. నాన్నతో కలిసి పనిచేసిన నలుగురి పేర్లు మాకు అందులోనే దొరికాయి, వాళ్లలో ఒకాయన ఇంకా ఉన్నారని అలాగే తెలిసింది. పంచాంగాల అంచులూ చూడండి. ఆవు ఈనిన రోజు, వడ్డీకి ఇచ్చిన డబ్బు, బిడ్డ పుట్టిన వేళ అక్కడ రాసుకునేవాళ్లు.

ఉత్తరాలు చదివేటప్పుడు "ఉభయకుశలోపరి"కీ, "అందరినీ అడిగినట్టు చెప్పగలవు"కీ మధ్యలో ఉన్నదే అసలు సంగతి. కార్డు మీద పోస్టాఫీసు ముద్రలో తేదీ ఉంటుంది. భూతద్దంతో చూడండి.

4. పెద్దవాళ్లతో మాట్లాడటం

ఈ పనిలో ప్రాణం ఇదే. ఆలస్యం పనికిరానిదీ ఇదే.

ఎవర్ని కలవాలో జాబితా రాసి, దాన్ని దగ్గరి చుట్టరికం ప్రకారం కాకుండా వయసు, ఆరోగ్యం ప్రకారం పేర్చుకోండి. మేం ముందు దగ్గరివాళ్లతో మొదలుపెట్టాం. జాబితాలో అయిదోవాడు, నాన్నకు చిన్ననాటి స్నేహితుడు, మేం వెళ్లాల్సిన వారానికి ముందు వారం పోయారు. నాన్న బడి రోజుల గురించి మా పుస్తకంలో ఒక పేజీ కూడా లేకపోవడానికి కారణం అదే.

పొద్దున టిఫిన్ అయ్యాక వెళ్లండి, సాయంత్రానికి వాళ్లు అలిసిపోతారు. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, వాయిస్ రికార్డర్ ఆన్ చేసి, మడతపెట్టిన తువ్వాలు మీద వాళ్లకు దగ్గరగా ఉంచండి. రికార్డు చేస్తున్నానని ముందే చెప్పి ఒప్పుకున్నాకే మొదలుపెట్టండి. ఫ్యాన్, టీవీ ఆపాలి. మొదట మీరే తేదీ, ఊరు, ఆయన పేరు పలకండి, లేకపోతే పాతిక రికార్డింగులయ్యాక ఏది ఎవరిదో తెలియదు. ముప్పావుగంట చాలు. మళ్లీ ఇంకోరోజు వెళ్లండి. రెండోసారి చెప్పేదే అసలు కథ, ఎందుకంటే మీరు వెళ్లిపోయాక రాత్రంతా వాళ్లు దాని గురించే ఆలోచిస్తారు.

"నాన్న ఎలాంటివారు?" అని అడగకండి. "దేవుడులాంటి మనిషమ్మా" అంటారు. ప్రేమతోనే అంటారు, కానీ ఆ మాట ఎవరికైనా సరిపోతుంది. చేతితో పట్టుకోగలిగేవి అడగండి. పొద్దున లేచి మొదట ఏం చేసేవారు? ఏ బీడీ, ఏ చుట్ట? ఆయన్ని స్నేహితులు ఏమని పిలిచేవాళ్లు? పెళ్లికి ఎలా తరలివెళ్లారు, బండా, పడవా? ఎవరితో మాటలుండేవి కావు? మొదటి జీతం ఎంత, దాంతో ఏం కొన్నారు? ఎప్పుడైనా ఏడవడం చూశారా? ఒక పాత ఫోటో తీసుకెళ్లి చేతిలో పెడితే మీ ప్రశ్నలతో పనే ఉండదు.

నాన్నతో పనిచేసిన ఆ పెద్దాయనకు ఎనభై ఆరేళ్లు, ఉయ్యూరు దగ్గర కొడుకు ఇంట్లో ఉంటున్నారు. వెళ్లి నాన్న పేరు చెప్పగానే, "బావ కూతురివా" అని చేయి పట్టుకున్నారు. ఆయన చెప్పినవి మా అమ్మకు కూడా తెలియవు. లాకుల దగ్గర ఉద్యోగంలో చేరేనాటికి నాన్నకు ఈత రాదట. పడవల వాళ్లు నడుముకు తాడు కట్టి నేర్పారట. నాట్ల రోజుల్లో పైవైపు రైతు ఒకాయన అర్ధరాత్రి బస్తా వడ్లు బండిలో వేసుకుని వచ్చి, తలుపు రెండంగుళాలు ఎత్తమన్నాడట. నాన్న ఆయన్ని కూర్చోబెట్టి టీ ఇచ్చి, తెల్లారేదాకా కబుర్లు చెప్పి, బస్తాతో సహా తిరిగి పంపారట. "కాదు అనలేదమ్మా. అవును అనీ అనలేదు. శివారు వాళ్లకు నీళ్లందాలి కదా అని నాతో అన్నాడు." ఉప్పెన తర్వాత నాలుగు రోజులు కాలువకు అడ్డంపడిన చెట్లు, పశువుల కళేబరాలు ఇద్దరూ కలిసి తీశారట. ఆ నాలుగు రోజుల గురించి నాన్న మాకు ఒక్క ముక్క చెప్పలేదు. నవంబరులో గాలి వీస్తే లేచి కూర్చునేవారు, అది మాత్రం మాకు తెలుసు.

వాళ్లు ఏడాది తప్పు చెబితే అక్కడే సరిచేయకండి, కథ తెగిపోతుంది. తర్వాత పట్టికతో సరిచూసుకోవచ్చు. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాసుకోండి. మగవాళ్లు పక్కన ఉంటే ఆడవాళ్లు మాట్లాడరు. అమ్మతో, మేనత్తతో, పెద్దమ్మలతో విడిగా, వంటింట్లో చిక్కుళ్లు ఒలుస్తూ మాట్లాడండి. అమ్మతో మాత్రం తొందరపడకండి. మేం నాలుగు నెలలు ఆగాం.

ఇంటికి రాగానే రికార్డింగు రెండు చోట్ల దాచండి, అదే రోజు. ఫోన్‌లో తెలుగు వాయిస్ టైపింగ్ ఉంది కానీ పెద్దవాళ్ల యాసను అది సరిగ్గా పట్టుకోదు. మేం విని చేత్తోనే రాసుకున్నాం. ఆలస్యమైనా మంచిదే అయింది, వింటూ రాస్తుంటే వాళ్ల మాటతీరు చేతిలోకి వచ్చింది.

5. ఫోటోలు, గొంతు

చిన్న నలుపు తెలుపు ఫోటోలను 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేయండి, కాగితాలకు 300 చాలు. ఫ్రేములో అద్దానికి అతుక్కుపోయిన ఫోటోను లాగకండి, పై పొర ఊడి వస్తుంది. అద్దంతోనే, ఎండ నేరుగా పడని కిటికీ పక్కన, ఏటవాలు వెలుగులో ఫోటో తీయండి. వెనకవైపు కూడా స్కాన్ చేయాలి, స్టూడియో ముద్ర, ఎవరో పెన్సిల్‌తో రాసిన పేరు అక్కడే ఉంటాయి. ఫోటోలో ఎవరెవరు ఉన్నారో పెద్దవాళ్లు ఉండగానే ఎడమ నుంచి కుడికి రాయించుకోండి.

ఈమధ్య పాత ఫోటోలకు రంగులు వేసి, మొహం స్పష్టంగా చేసే యాప్‌లు వచ్చాయి. చూడ్డానికి బాగుంటాయి. మా పిల్లలు నాన్న పెళ్లిఫోటోకు అలా చేసి చూపిస్తే అమ్మ "ఈయనెవరు?" అంది. లేని ముఖాన్ని కల్పించి అది తాతయ్య అని రేపటి పిల్లలకు ఇవ్వడం నాకు ఇష్టం లేదు. మరకలతో ఉన్నదే అచ్చు వేశాం.

ఆడియో క్యాసెట్లు ఉంటే ఇప్పుడే ఎక్కించుకోండి. టేప్‌రికార్డర్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్‌కు ఒక వైరు, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, అంతే. పెళ్లి వీడియోలను కూడా ఓపిగ్గా చూడండి. వెనకాల ఎక్కడో వడ్డన దగ్గర నిలబడి మీ నాన్న ఎవరినో పిలుస్తూ ఉంటారు.

6. మనవల్ని పనిలోకి దించండి

ఈ పుస్తకం ఎక్కువకాలం ఉండేది వాళ్ల దగ్గరే. ఒక్కొక్కరికి ఒక పని ఇచ్చాం. పెద్దవాడు పట్టిక చూసుకున్నాడు, రెండో పిల్ల స్కానింగ్, డల్లాస్‌లో ఉన్న మా చెల్లెలి పిల్లలు ఇద్దరూ వీడియోకాల్‌లో మేనత్తను ప్రశ్నలు అడిగారు. తెలుగు తడబడినా ఫర్వాలేదు, వాళ్లు అడిగే ప్రశ్నలు మనకు తట్టవు. "తాతయ్య బోటు నడిపేవాడా?" అని చిన్నవాడు అడిగాడు. దాంతో మేనత్త, కాలువలో బందరు దాకా పడవ మీద వెళ్లిన రోజులు గంటసేపు చెప్పింది.

ప్రతి మనవడూ, మనవరాలూ ఒక్క పేజీ రాయాలని నియమం పెట్టాం. "ఐ లవ్ యూ తాతయ్యా" అని కాకుండా, ఆయనతో గడిపిన ఒక్క రోజు. తెలుగు రాయడం రానివాళ్లు చెబితే మేం రాశాం, కింద వాళ్ల చేత సంతకం పెట్టించాం. వాకర్‌తో నడిచిన తాతయ్య కూడా నాన్నే కదా. మందుబిళ్లలను రంగులవారీగా పేర్చడం తాతయ్య తనకు అప్పగించారని తొమ్మిదేళ్ల పాప రాసింది. చివరి రోజుల గురించి మా పుస్తకంలో ఉన్నది ఆ పేజీ ఒక్కటే. అది చాలనిపించింది.

7. రాయడం

అందరూ కలిసి రాస్తే కుదరదు. ఒకరు రాయాలి, మిగతావాళ్లు చదివి చెప్పాలి. మా ఇంట్లో తర్పణాలు అన్నయ్య వదిలాడు, రాత నాకు వచ్చింది.

పుట్టుకతో మొదలుపెట్టక్కర్లేదు. మీ దగ్గర ఉన్నవాటిలో అన్నిటికన్నా నిండుగా ఉన్న ఒక రోజును ముందు రాయండి. నేను బస్తా వడ్ల రాత్రితో మొదలుపెట్టాను. ఆ రెండు పేజీలు కుదిరాక మిగతావాటి గొంతు దొరికింది. తర్వాత పట్టిక ప్రకారం ముక్కలు పేర్చుకుంటూ పోవచ్చు. ఏళ్లను సమానంగా పంచకండి. కాలువ మీది ముప్పై తొమ్మిదేళ్లకు నలభై పేజీలు పట్టింది, రిటైరయ్యాక ఇరవై ఏడేళ్లకు పదహారు.

ఒక నియమం గట్టిగా పాటించాను. గుణం పేరు రాస్తే దాన్ని కొట్టేసి, ఆ గుణం కనబడిన పని రాయాలి. "క్రమశిక్షణ గల మనిషి" కొట్టేసి, కాలెండర్‌లో నాన్న వేసిన అంకెల గురించి రాశాను. "ప్రేమగలవారు" కొట్టేసి, రాత్రి డ్యూటీ దిగి వచ్చేటప్పుడు మా చెప్పులు గుమ్మంలో వరసగా పెట్టి లోపలికి వచ్చేవారని రాశాను. ఇలా చేస్తే పుస్తకం సగం చిన్నదవుతుంది, ఉన్నంతలో మనిషి కనబడతాడు.

ఆయన మాటలు ఆయన అన్నట్టే ఉంచండి. నాన్న "నీళ్లొచ్చినయ్" అనేవారు, "నీళ్లు వచ్చాయి" అని ఎప్పుడూ అనలేదు.

కష్టమైన విషయాలు ప్రతి ఇంట్లో ఉంటాయి. అప్పులు, అన్నదమ్ముల మధ్య మాటలు పోవడం, తాగుడు, మొండితనం. నేను పెట్టుకున్న కొలత ఒకటే. ఆ సంగతి లేకపోతే ఆయన జీవితం అర్థం కాదు అనుకుంటే రాయాలి. బతికి ఉన్నవాళ్లకు అది గాయమైతే వాళ్లను అడగాలి. బాబాయితో పొలం గట్టు తగాదా వల్ల నాన్న పద్నాలుగేళ్లు మాట్లాడలేదు. అది దాస్తే, చెల్లెలి పెళ్లికి ఇద్దరూ ఒకే బంతిలో పక్కపక్కన కూర్చోవడం ఎందుకంత పెద్ద విషయమో పిల్లలకు తెలియదు. బాబాయికి రాసింది చదివి వినిపించాను. ఒక వాక్యం మార్చమన్నాడు, మార్చాను. "మిగతాది నిజమే" అన్నాడు. నాన్న కోపం గురించి కూడా రాశాను. కోపం లేని నాన్న మా నాన్న కాడు.

చిత్తు పూర్తయ్యాక అమ్మ దగ్గర కూర్చుని మొత్తం పైకి చదవండి. నోరు ఎక్కడ తడబడితే అక్కడ వాక్యం బాగాలేదు. అమ్మ ఎక్కడ కళ్లు తుడుచుకుందో, ఎక్కడ "అట్లా కాదులే" అందో పక్కన గుర్తు పెట్టుకోండి.

8. అచ్చు

ఇది భయపడినంత పెద్ద పని కాదు. డెమ్మీ సైజు బాగుంటుంది. ఫారానికి (ఒకేసారి అచ్చయ్యే పెద్ద కాగితానికి) పదహారు పేజీలు కాబట్టి మొత్తం 80, 96, 112 ఇలా పదహారుతో పోయేటట్టు చూసుకోండి. వంద కాపీల లోపైతే డిజిటల్ ప్రింటింగ్ చాలు, 70 జీఎస్ఎమ్ మ్యాప్‌లిథో కాగితం సరిపోతుంది. ఫోటోలన్నీ కలిపి మధ్యలో ఎనిమిదో పదహారో పేజీలు ఆర్ట్ పేపర్ మీద వేస్తే బాగా వస్తాయి. అక్షరం 14 పాయింట్లకు తగ్గించకండి, చదివేది పెద్దవాళ్లు.

చాలా ప్రెస్సుల్లో ఇంకా యూనికోడ్ కాని పాత అను ఫాంట్లు వాడతారు. మీరు యూనికోడ్‌లో (ఫోన్‌లో మామూలుగా టైప్ చేసే తెలుగు) టైప్ చేసి ఇస్తే వాళ్లు మార్చేటప్పుడు ఒత్తులు, పొల్లులు చెడిపోతాయి. మండలి లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్‌తో మీరే పీడీఎఫ్ చేసి ఇవ్వడం మంచిది. ప్రూఫ్ కాగితం మీద చూడండి, తెరమీద తప్పులు దొరకవు. పేర్లు, ఊళ్లు, తేదీలు మాత్రమే చూసేందుకు ఒకరిని విడిగా పెట్టండి.

చివర వంశవృక్షం వేయండి. కూతుళ్లు, కోడళ్లు, వాళ్ల పుట్టింటి ఇంటిపేర్లతో సహా. మా పాత వంశవృక్షంలో ఆడవాళ్ల పేరు ఒక్కటి లేదు, మేనత్త పేరు కూడా లేదు. పోయిన అక్క పేరు ఇప్పుడు నా పేరుకు ముందు ఉంది.

దాని తర్వాత నాలుగు తెల్ల పేజీలు వదలండి.

9. సంవత్సరీకం నాడు

తిథి ప్రకారం కార్యక్రమం అయ్యాక, భోజనాలకు ముందు పుస్తకం పంచాం. ఉపన్యాసాలు పెట్టలేదు. పెద్ద మనవడు బస్తా వడ్ల రాత్రి ఉన్న రెండు పేజీలు చదివాడు. ఒక కాపీ నాన్న చదివిన బడికి, ఒకటి ఊరి గ్రంథాలయానికి, ఒకటి లాకుల దగ్గర ఇప్పుడు పనిచేస్తున్న కుర్రాడికి ఇచ్చాం.

ఉయ్యూరు పెద్దాయనను కారులో తీసుకొచ్చాం. భోజనం అయ్యాక మంచం మీద కూర్చుని, కళ్లజోడు సర్దుకుని, వేలితో గీత వెంట గీత చదువుతూ వెళ్లారు. ముప్పై ఒకటో పేజీ దగ్గర ఆగి పెన్ను అడిగారు. చివరి తెల్ల పేజీ తీసి, వణికే చేత్తో రాశారు: "తలుపు రెండంగుళాలు కాదు. నాలుగు. నేను పక్కనే ఉన్నాను."

ఆ కాపీని అమ్మ ఎవరికీ ఇవ్వనంది.